వెళ్లొస్తామని చెప్పకుండా పోయినవాళ్లు

బట్టలు ఉతుక్కునే లాండ్రీ నుంచి ఒక తల్లి బయటికొస్తుంది. చెవి దగ్గర ఫోను, చేతిలో పసివాడు. వాడు ఒకటే ఏడుపు. కారు వెనక సీట్లో వాణ్ని కూర్చోబెట్టి, బెల్టు బిగించి, తను ముందుకొచ్చి కూర్చుంటుంది. ఫోన్లో ఎవరితోనో విసుగ్గా మాట్లాడుతూనే ఉంటుంది. వెనక ఏడుపు ఆగదు. ఉన్నట్టుండి ఆగిపోతుంది. పిల్లల్ని పెంచినవాళ్లకి తెలుసు, ఏడుపు ఆగగానే ముందు ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయి ఒక్క క్షణమే. తిరిగి చూస్తే సీటు ఖాళీ. ఆమె దిగి బిడ్డ పేరు పెట్టి అరుస్తుంటే, అవతల సామాన్ల బండి ఒకటి తనంతట తానే దొర్లిపోతుంటుంది. దాని పక్కన ఒక పిల్లాడు నాన్నా నాన్నా అని కేకలు పెడుతుంటాడు. డ్రైవరు లేని కారు వచ్చి ఇంకో కారుని గుద్దుతుంది.

'ద లెఫ్టోవర్స్' ఇలా మొదలవుతుంది. అమెరికాలో హెచ్‌బీఓ చానల్లో 2014 జూన్ 29న మొదలై, 2017 జూన్ 4న ముగిసిన సీరియల్ ఇది. 3 సీజన్లు, మొత్తం 28 ఎపిసోడ్లు. టామ్ పెరొట్టా 2011లో రాసిన నవల ఆధారంగా ఆయనా, డేమన్ లిండెలాఫ్ కలిసి తయారుచేశారు. కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఒక అక్టోబర్ 14న ప్రపంచ జనాభాలో 2 శాతం మంది ఒకే క్షణంలో మాయమైపోతారు. 14 కోట్ల మంది. ఎందుకో ఎవరికీ తెలియదు. కథ అక్కడి నుంచి 3 ఏళ్లు ముందుకు దూకి, మిగిలిపోయినవాళ్ల దగ్గర మొదలవుతుంది.

ఈ సీరియల్ చూసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే ప్రశ్నలు. వాళ్లంతా ఎక్కడికి పోయారు? చివర్లో ముఖ్యపాత్ర నోరా చెప్పింది నిజమేనా? ఈ రెండు ప్రశ్నలూ ఒకే ముడికి రెండు కొసలని నా అభిప్రాయం. ఆ ముడి విప్పాలంటే ముగింపు దాకా వెళ్లాలి. కాబట్టి చూడనివాళ్లు, చూద్దామనుకునేవాళ్లు ముందు చూసి వచ్చి చదివితే మంచిది.

2 శాతం అంటే చిన్న అంకెలా వినిపిస్తుంది. పెళ్లి భోజనాల్లో ఒక బంతికి 50 మంది కూర్చున్నారనుకోండి. అన్నీ వడ్డించిన ఒక్క విస్తరి ముందు మనిషి లేడు. 2 శాతమంటే అంతే. కానీ మొత్తం 14 కోట్ల మంది అంటే ఎంత? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం 8.46 కోట్లు. అంతకన్నా చాలా ఎక్కువ. అయినా లోకం ఆగిపోదు. బడులు నడుస్తాయి, జీతాలు పడతాయి, కొత్త పెళ్లిళ్లు అవుతాయి. చాలా ఇళ్లలో ఎవరూ పోలేదు. ఒక్కో ఇంట్లో మాత్రం అందరూ పోయారు. ఈ తేడాయే అసలు కష్టం. యుద్ధంలోనో, తుపానులోనో ఊరంతా ఏడిస్తే పక్కవాడి భుజం దొరుకుతుంది. ఇక్కడ ఏడ్చేవాళ్ల పక్కనే, ఏమీ పోగొట్టుకోనివాళ్లు కాఫీ తాగుతుంటారు.

పోయినవాళ్లని ఆ కథలో ప్రభుత్వమూ జనమూ 'డిపార్టెడ్' అంటారు. చనిపోయారని ఎవరూ అనరు. ఇంగ్లీషులో ఆ మాటకి వెళ్లిపోయినవాళ్లనీ, కాలం చేసినవాళ్లనీ రెండర్థాలూ ఉన్నాయి. తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. "ఆయన పోయారు" అంటే మనకీ రెండూ వస్తాయి. అందుకే ఇంట్లోంచి అడుగు బయటపెట్టేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, "వెళ్లొస్తా అనాలి" అని దిద్దుతారు. ఆ ఒక్క 'వస్తా'లో ఎంత భయం ఉందో, ఎంత ప్రేమ ఉందో ఈ సీరియల్ చూశాకే నాకు తెలిసొచ్చింది.

నోరా డర్స్ట్ సంగతే చూడండి. కేరీ కూన్ వేసిన పాత్ర ఇది. ఆ అక్టోబర్ 14 ఉదయం ఆమె వంటింట్లో ఉంది. భర్త, ఇద్దరు పిల్లలు టేబుల్ దగ్గర టిఫిన్ తింటున్నారు. ఉద్యోగం గురించి ఫోను రావాలి. కూతురు చెయ్యి తగిలి గ్లాసు ఒలికి ఫోను తడిసింది. నోరా గట్టిగా అరిచింది. తుడవడానికి అటు తిరిగింది. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే ముగ్గురూ లేరు. తన పిల్లలు తన నోటి నుంచి విన్న ఆఖరి మాట కసురు. ఇలాంటి ఉదయాలు ప్రతి ఇంట్లోనూ వందల కొద్దీ గడుస్తాయి, సాయంత్రానికి ఎవరికీ గుర్తుండవు. ఆమెకి ఆ సాయంత్రం రాలేదు. 3 ఏళ్లు గడిచినా పిల్లలు తినే కార్న్‌ఫ్లేక్స్ లాంటి డబ్బాలు, పాలు కొని తెచ్చి, పాతవి పారేసి, వాటి చోట కొత్తవి సర్దుతుంటుంది. తినేవాళ్లు లేరని ఆమెకి తెలుసు. వంటింట్లో అల్మరాకి మాత్రం ఆ సంగతి తెలియనివ్వదు.

తేలని దుఃఖం

ఈ రకం బాధకి మానసిక శాస్త్రంలో ఒక పేరుంది. పాలిన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్టు 1970లలో, వియత్నాం యుద్ధంలో గల్లంతైన సైనికుల కుటుంబాల మీద పనిచేస్తూ 'ఆంబిగ్యువస్ లాస్' అన్నారు. తేలని నష్టం అనుకోవచ్చు మనం. మనిషి ఉన్నాడో లేడో తేలదు కాబట్టి ఏడవడానికీ లేదు, ఎదురుచూపు మానడానికీ లేదు. ఇందులో రెండు రకాలున్నాయంటారు ఆమె. ఒకటి, మనిషి కంటికి కనబడడు, మనసులోంచి పోడు. రెండోది, మనిషి ఎదురుగానే ఉంటాడు కానీ లోపల లేడు. మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లు, కోమాలో ఉన్నవాళ్లు రెండో రకం. 'ద లెఫ్టోవర్స్' రచయితలు ఈ రెండు రకాలనీ పక్కపక్కనే పెట్టారు. నోరా పిల్లలు కనబడరు. నోరా అన్నయ్య పేరు మాట్, చర్చి పాస్టరు. అతని భార్య మేరీ అదే రోజు కారు ప్రమాదంలో దెబ్బతిని, కళ్లు తెరిచే ఉన్నా పలకదు. మాట్ రోజూ భార్యకి ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, ఆమెతో కబుర్లు చెబుతాడు. ఇద్దరిలో ఎవరి కష్టం పెద్దదో తూచడానికి త్రాసు లేదు.

తీరంలో పుట్టినవాళ్లకి ఇదేం కొత్త కాదు. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా పోయారు. ఎంతోమంది శవాలు కూడా దక్కలేదు. వేటకెళ్లిన పడవ తిరిగిరాని ఇళ్లు శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్నాయి. మనం కడసారి చూపు అంటాం. చనిపోయినవాళ్లని ఆఖరిసారి చూడ్డానికి రాత్రికి రాత్రి బస్సెక్కి వస్తారు. కొడుకు అమెరికా నుంచి వచ్చేదాకా ఐస్ బాక్సులో ఉంచుతారు. ఆ చూపు పోయినవాళ్ల కోసం కాదు, ఉన్నవాళ్ల కళ్లకి "ఇంక లేరు" అని చెప్పడానికి. నోరా నుంచి లాక్కున్నది సరిగ్గా అదే.

శవం దొరకనివాళ్ల కోసం మన కర్మకాండలో ఒక దారి పెట్టారు. దర్భలతో మనిషి ఆకారం చేసి, దానికే దహనం చేసి, మిగతా కర్మ అంతా జరిపిస్తారు. చట్టమూ తన దారి తాను పెట్టుకుంది. ఒక మనిషి గురించి తెలియాల్సినవాళ్లకి 7 ఏళ్లపాటు ఏ కబురూ తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని నిరూపించే భారం అలా అనేవాళ్లదే అంటుంది. పాత సాక్ష్య చట్టంలో 108వ సెక్షన్ అది. 2023లో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో 111 అయింది. శాస్త్రమైనా చట్టమైనా చేసేది ఒకటే, తేలనిదాన్ని తేల్చేయడం. నిజం తెలిశాక కాదు, తెలియకుండానే.

సీరియల్లో కూడా ఒక బొమ్మ ఉంది. పోయినవాళ్ల ఫొటోలు ఇస్తే అచ్చం వాళ్లలాగే నిలువెత్తు బొమ్మ చేసి, పాతిపెట్టుకోవడానికి అమ్మే వ్యాపారం. 'లవ్డ్ వన్స్' అంటారు వాటిని. మొదటి సీజన్ చివర్లో ఒక తెల్లవారుజామున నోరా వంటింట్లోకి వస్తే, ఆ టేబుల్ చుట్టూ భర్త, కొడుకు, కూతురు అవే చోట్లలో కూర్చుని ఉంటారు. బొమ్మలు. రాత్రికి రాత్రి ఎవరో తెచ్చి కూర్చోబెట్టారు. నోరా గుండె పగిలేలా కేక పెడుతుంది. నేను చాలా రోజులు ఆ కేక దగ్గరే ఆగిపోయాను. దర్భ బొమ్మకి మొహం ఉండదు. అందుకేనేమో దాన్ని కాల్చగలం. ఈ బొమ్మకి మొహం ఉంది. పోయినవాళ్లని పంపించడానికి పనికొచ్చే వస్తువు, మొహం ఒకటి తగిలించగానే వాళ్లని పోనివ్వని వస్తువైపోయింది.

అన్ని జవాబులూ దొరికేచోట

ఆ బొమ్మలు తెచ్చి పెట్టింది 'గిల్టీ రెమ్నెంట్' అనే గుంపు. తెల్లబట్టలు కడతారు. మాట్లాడరు, చెప్పాల్సింది పలక మీద రాసినట్టు చిన్న పుస్తకంలో రాసి చూపిస్తారు. ఎప్పుడూ సిగరెట్లు కాలుస్తుంటారు. ఎవరింటి ముందైనా వచ్చి ఊరికే నిలబడతారు. వాళ్లు అంటున్నది ఒకటే, జరిగింది జరగనట్టు బతకడానికి వీల్లేదని. తెలుగు కంటికి ఆ తెల్లబట్ట వెంటనే ఒక తరం కిందటి వితంతువుల్ని గుర్తు చేస్తుంది. ఇంట్లో ఒక మూల తెల్లచీరలో కూర్చున్న మనిషి నోరు విప్పకపోయినా, పోయినవాళ్లని మరిచిపోనివ్వదు. తేడా ఏమిటంటే, మన ఇళ్లలో ఆ తెలుపు ఆడవాళ్ల మీద రుద్దారు, వీళ్లు తమంతట తాము కట్టుకున్నారు.

ఊళ్లో పోలీసు అధికారి కెవిన్ గార్వీ భార్య లారీ ఈ గుంపులో చేరిపోతుంది. ఆమె వృత్తిరీత్యా మనస్తత్వ చికిత్సకురాలు. జనం చేత మాట్లాడించి, బాధ తగ్గించడమే ఆమె పని. అలాంటి మనిషి మాటే మానేయడం మొదట నాకు అర్థం కాలేదు. మొదటి సీజన్ 9వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. ఆ రోజు ఆమె స్కానింగ్ గదిలో పడుకుని ఉంది. గర్భవతి, ఇంట్లో ఇంకా చెప్పలేదు. తెరమీద కనబడుతున్న బిడ్డ ఆ క్షణంలో లేకుండా పోయింది. ఆ బిడ్డకి పేరు లేదు, పోయినవాళ్ల జాబితాలోకి ఎక్కదు, సంతాపం చెప్పడానికి ఎవరూ రారు. మాటతో నయం చేయగలననుకున్న మనిషికి మాట దొరకని దుఃఖం వచ్చింది. ఆ మౌనంలోకి ఆమె ఎందుకు నడిచిందో అప్పుడు తెలుస్తుంది.

ఇంకో మూల వేన్ అనే బాబా ఉన్నాడు. కౌగిలించుకుని బాధ తీసేస్తానంటాడు. అతని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఇలాంటివాళ్లు అన్ని ఊళ్లలో ఉంటారు. అతని కౌగిలి తర్వాత నోరాకి నిజంగానే కొంత తేలికైందన్నది మాత్రం రచయితలు దాచలేదు. అతను మోసగాడైనా ఆ తేలిక మోసం కాదు.

అసలు విశ్వాసం కథంతా మాట్‌ది. క్రిస్టఫర్ ఎకల్‌స్టన్ ఆ పాత్ర చేశాడు. మన తెలుగు క్రైస్తవ సంఘాల్లో 'ఎత్తబడుట' అనే మాట అందరికీ తెలుసు. క్రీస్తు వచ్చినప్పుడు నమ్మినవాళ్లని పైకి తీసుకుపోతాడనీ, మిగతావాళ్లు కింద ఉండిపోతారనీ బోధిస్తారు. ఇద్దరు పొలంలో ఉంటే ఒకడు తీసుకుపోబడతాడు, ఒకడు విడిచిపెట్టబడతాడని మత్తయి సువార్త 24వ అధ్యాయంలో ఉన్న మాటని ఆ బోధలో తరచు వింటాం. ఇప్పుడు ఆలోచించండి. జన్మంతా దేవుడి పనిలో గడిపిన పాస్టరు, అంత పెద్ద సంఘటనలో, కిందే ఉండిపోయాడు. అది ఎత్తబడుటే అయితే తను దేనికీ పనికిరానివాడని అర్థం. అందుకే మాట్ కరపత్రాలు అచ్చువేసి ఊరంతా పంచుతాడు. పోయినవాళ్లలో ఫలానావాడు లంచగొండి, ఫలానావాడు తాగుబోతు అని పేర్లతో సహా. పోయినవాళ్లంతా పుణ్యాత్ములు కారని నిరూపించాలి. జనం చేత దెబ్బలు తింటాడు. సొంత చెల్లెలికి కూడా, పోయిన భర్త ఆమెని మోసం చేస్తుండేవాడని చెప్పేస్తాడు. అది క్రూరత్వమే. కానీ దేవుడి దగ్గర తన లెక్క సరిచూసుకోలేక అల్లాడుతున్న మనిషి చేసిన క్రూరత్వం.

మూడో సీజన్‌లో, మెల్‌బోర్న్ వెళ్లే పడవ మీద, నేనే దేవుణ్నని చెప్పుకునే మనిషి ఒకడు మాట్‌కి తగులుతాడు. మాట్‌కి చిన్నప్పుడు వచ్చి తగ్గిన బ్లడ్ క్యాన్సర్ అప్పటికే తిరగబెట్టింది. మాట్ అతన్ని కట్టేసి మరీ నిలదీస్తాడు. ఎందుకు చేశావు, ఇన్నేళ్లు నీకోసం ఇంత చేశాను కదా అని. నాకోసం కాదు, నీకోసం చేసుకున్నావన్న తీరులో వస్తుంది జవాబు. కాసేపటికే అతన్ని ఒక సింహం చంపేస్తుంది. చెప్తే వింతగా ఉంటుంది, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాత మాట్ తగువు మానేస్తాడు. నమ్మకం పోయి కాదు. లెక్క అడగడం మానేసి, చెల్లెలి పక్కన నిలబడే మనిషిగా మిగిలాడని నాకనిపిస్తుంది.

ఇంతమంది ఇన్ని జవాబులు పట్టుకుని తిరుగుతుంటే కథ మాత్రం ఏ జవాబునీ ఖాయం చేయదు. రెండో సీజన్ టెక్సస్‌లోని జార్డెన్ అనే ఊళ్లో జరుగుతుంది. ఆ ఊళ్లో 9,261 మంది ఉంటే ఒక్కరూ మాయం కాలేదు. లోకమంతా దాన్ని పుణ్యక్షేత్రం చేసేస్తుంది. ఆ ఊరి అమ్మాయి ఈవీ ఒక రాత్రి కనబడకుండా పోతుంది. చివరికి తేలేదేమిటంటే, ఆమె తనంతట తానే ఇల్లు విడిచి తెల్లబట్టల గుంపులో చేరిందని. వాళ్లమ్మ ఎరికాకి బిడ్డ దొరికింది. దొరకడం కన్నా దొరక్కపోవడమే నయమేమో అనిపించే దొరకడం.

ఫారం నింపే మనిషి

ఈ సీరియల్‌ని నేను రెండోసారి చూసింది మా నాన్న పోయిన ఏడాది. మొదటిసారి పట్టించుకోని విషయం ఒకటి అప్పుడు నన్ను పట్టుకుంది. అది నోరా ఉద్యోగం.

ఆమె మాయమైనవాళ్ల కోసం పెట్టిన ప్రభుత్వ శాఖలో పనిచేస్తుంది. పోయినవాళ్ల బంధువుల ఇళ్లకి వెళ్లి, ఎదురుగా కూర్చుని, పెద్ద ప్రశ్నల పట్టీ చదివి, జవాబులు రాసుకుంటుంది. పరిహారం డబ్బు కోసం ఎవరూ అబద్ధం చెప్పకుండా చూడాలి. భర్తనీ ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న మనిషి, ఇంకొకరి దుఃఖం అసలుదా నకిలీదా అని తనిఖీ చేస్తుంది. ఆ పట్టీలో ఒక ప్రశ్న ఉంది. పోయినవాళ్లు ఇక్కడికన్నా మంచి చోట ఉన్నారని మీరు నమ్ముతున్నారా? ఆమె అడిగిన ప్రతి ఒక్కరూ నమ్ముతున్నామనే అంటారు. వేన్ దగ్గరికి వెళ్లొచ్చిన తర్వాత మొదటిసారి ఒకరు లేదంటారు.

మా నాన్న పోయిన రెండు నెలలకి ఫ్యామిలీ పెన్షన్ కాగితాల కోసం అమ్మని ఒక ఆఫీసుకి తీసుకెళ్లాను. కిటికీ అవతల ఉన్నాయన చెడ్డవాడేం కాదు, పని ఎక్కువ ఉంది. తలెత్తకుండా ఫారం చదువుతున్నాడు. భర్త పేరు, పోయిన తేదీ, కారణం. తర్వాత అదే గొంతుతో, "మళ్లీ పెళ్లి చేసుకున్నారా?" అన్నాడు. అమ్మకి 63. ఫారంలో ఆ గడి ఉంది, నింపాలి. అమ్మ నా వైపు చూసింది. "లేదండీ" అంది. ఆయన అడ్డగీత కొట్టి కింది గడికి వెళ్లాడు. ఇంటికొచ్చాక అమ్మ మంచినీళ్లు తాగి, "40 ఏళ్లు కాపురం చేశాను కదరా, ఆయన ఎలాంటివారో ఒక్కరూ అడగలేదు" అంది.

ఆ ఫారాన్ని మనసులో పెట్టుకుని చూస్తే సీరియల్ మొత్తం వేరేగా తెరుచుకుంటుంది. రెండో సీజన్ 6వ ఎపిసోడ్‌లో నోరా, ఎరికా ఎదురెదురుగా కూర్చునే సీను టీవీలో నేను చూసిన అతి గొప్ప సీన్లలో ఒకటి. రెజీనా కింగ్ ఎరికాగా చేసింది. ఒక గది, ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ప్రశ్నలు. అంతే. అడుగుతూ అడుగుతూ ప్రశ్నలు తనిఖీ నుంచి నేరారోపణలోకి జారతాయి. ఎరికా ఒక రహస్యం చెబుతుంది. ఒక పిట్టని పెట్టెలో పెట్టి మట్టిలో పాతి, 3 రోజుల తర్వాత తీస్తే అది బతికుంటే కోరిక తీరుతుందని చిన్నప్పటి నుంచీ నమ్మకం. భర్తని వదిలి వెళ్లిపోయినా పిల్లలు బాగుండాలని కోరుకుంది. పిట్ట బతికింది. ఆ వెంటనే కూతురు మాయమైంది. నా వల్లే పోయిందా అన్నదే ఆ తల్లి ప్రశ్న. పిల్లల మీద అరిచి అటు తిరిగిన ఆ ఉదయం నుంచి నోరాని తింటున్నదీ అదే. ఫారంలో ఆ గడి లేదు. ఎవరి దుఃఖానికైనా అడుగున ఉండేది ఆ గడే.

కెవిన్ కథ కూడా ఇక్కడే అర్థమవుతుంది. జస్టిన్ థెరూ చేసిన పాత్ర. లెక్కప్రకారం అతని ఇంట్లో ఎవరూ పోలేదు. కానీ ఆ క్షణంలో అతను ఒక లాడ్జిలో వేరే ఆవిడతో ఉన్నాడు, ఆమె మాయమైంది. ఈ సంసారంలోంచి ఎలా బయటపడాలా అని ఆలోచిస్తున్న రోజునే లోకం సగం చెదిరిపోయింది. తర్వాత అతను చనిపోయి మళ్లీ లేచి రావడం, చావుకీ బతుక్కీ మధ్య ఒక హోటల్లో తిరగడం, తిరిగి రావడానికి అక్కడ కరోకెలో పాట పాడాల్సి రావడం, ఇవన్నీ చూసి మాట్ అతన్ని అవతారపురుషుణ్ని చేసి గ్రంథమే రాస్తాడు. కెవిన్‌కి ఆ పదవి వద్దు. అతనికి తెలిసిందల్లా, పారిపోవాలనిపించడమూ ఉండిపోవాలనిపించడమూ రెండూ తనలోనే ఉన్నాయని.

కెవిన్, నోరా దగ్గరయ్యేది ఇద్దరూ చెదిరినవాళ్లు కాబట్టి. గుమ్మంలో ఎవరో వదిలేసిన పసిపాపని నోరా ఎత్తుకోవడంతో మొదటి సీజన్ ముగుస్తుంది. ఆ పాప లిలీని పెంచుకుంటారు. తర్వాత కన్నతల్లి తిరిగి తీసుకెళ్లిపోతుంది. ఈసారి అంతా కాగితాల మీద, పద్ధతి ప్రకారం జరిగిపోతుంది. ఇది మూడో బిడ్డ. ఆ తర్వాత నోరా, పోయినవాళ్ల దగ్గరికి పంపుతామనే శాస్త్రవేత్తల యంత్రం వెతుక్కుంటూ ఆస్ట్రేలియా వెళ్తుంది. మెల్‌బోర్న్ హోటల్ గదిలో ఇద్దరూ అనరాని మాటలు అనుకుని విడిపోతారు. ప్రేమించినవాళ్లకే తెలుస్తుంది కదా ఎక్కడ పొడిస్తే లోతుగా దిగుతుందో.

ఆఖరి ఎపిసోడ్. మిమి లెడర్ దర్శకత్వం. నోరా యంత్రంలోకి ఎక్కుతుంది, ద్రవం పైకి వస్తుంటుంది, చివరి క్షణంలో ఏదో అనబోతున్నట్టు నోరు తెరుస్తుంది. అక్కడ కోశారు. తర్వాత చూస్తే ఆస్ట్రేలియా పల్లెలో ఒక ముసలావిడ, ఒంటరిగా, పావురాలు పెంచుకుంటూ. పెళ్లిళ్లకి వాటిని ఇస్తుంటుంది. ఆ పావురాలు ప్రేమ సందేశాలు మోసుకుంటూ లోకమంతా తిరుగుతాయని పెళ్లివాళ్లకి చెబుతారు. నిజానికి అవి నోరా పెరట్లో గూటికే తిరిగొస్తాయి. ఎందుకు అబద్ధం చెబుతారని నిలదీస్తే, ఆ కథ ఇంకా బాగుంటుంది కాబట్టి అన్నట్టు చెబుతుంది అక్కడి నన్.

కెవిన్ ఒకరోజు గుమ్మంలో నిలబడతాడు. మొదట, మనకి పెద్ద పరిచయమే లేదన్నట్టు, మధ్యలో ఏళ్లేవీ జరగనట్టు నటిస్తాడు. అన్నీ చెరిపేసి కొత్తగా మొదలెడదామని అతని ఆశ. నోరా ఒప్పుకోదు. ఇది నిజం కాదు కాబట్టి నావల్ల కాదంటుంది. మర్నాడు వచ్చి నిజం చెబుతాడు. ప్రతి ఏడాదీ రెండు వారాల సెలవు పెట్టి ఆస్ట్రేలియా వచ్చి, ఫొటో చూపిస్తూ నిన్ను వెతికానని. అప్పుడు నోరా టీ పోసి, కూర్చుని, తన కథ చెబుతుంది.

యంత్రం తనని అవతలికి పంపిందట. అక్కడా ఇదే లోకం, కాకపోతే అక్కడ మాయమైంది 2 శాతం కాదు, 98 శాతం. మన దగ్గర 14 కోట్ల మంది పోయారని మనం ఏడుస్తుంటే, అక్కడ ఆ 14 కోట్ల మందీ మిగతా లోకాన్నంతా పోగొట్టుకున్నారు. ఎంతో కష్టపడి సొంత ఊరు చేరిందట. చెట్ల చాటు నుంచి తన ఇంటిని చూసిందట. పిల్లలు ఎదిగారు. భర్త పక్కన ఒకావిడ. అందరూ నవ్వుతున్నారు. అంతా అనాథలైన లోకంలో, ఆ ఇల్లు ఒకరినొకరు పోగొట్టుకోని అదృష్టవంతుల ఇల్లు. అక్కడ తను దెయ్యంలాంటిదాన్నని అర్థమై, పలకరించకుండానే తిరిగొచ్చేసిందట.

ఇది నిజమా? ఒక్క దృశ్యం చూపించరు. కెవిన్ తిరిగిన చావు హోటల్‌ని కార్పెట్లతో సహా చూపించినవాళ్లు, ఇక్కడ కేరీ కూన్ మొహం తప్ప ఏమీ చూపించరు. అబద్ధం అనడానికి తెరిచిన ఆ నోరు ఉంది, పావురాల కథ ఉంది. నిజం అనడానికి నోరా స్వభావం ఉంది, జన్మంతా అబద్ధాలు పట్టుకోవడమే పనిగా బతికిన మనిషి. రెండు వైపులా వాదించేవాళ్లతో నాకు గొడవ లేదు. నేను మాత్రం ఆమె వెళ్లలేదనే అనుకుంటాను. వెళ్లకపోయినా ఆ కథ నకిలీ కాదని కూడా అనుకుంటాను. ఇన్నేళ్లు ఆమె ఇంటింటికీ తిరిగి అడిగిన ప్రశ్న ఉంది చూడండి, పోయినవాళ్లు మంచి చోట ఉన్నారని నమ్ముతున్నారా అని. దానికి ఆమె సొంత జవాబు ఇది. పిల్లలు బాగున్నారు, నేను లేకుండా బాగున్నారు. నేను అరిచిన ఆ కసురు వాళ్ల జీవితాన్ని పాడుచేయలేదు. కడసారి చూపు దక్కని తల్లి, ఆ చూపుని తనే తయారుచేసుకుంది. దర్భతో కాదు, మాటలతో.

కథ పూర్తయ్యాక, ఇది నమ్మరనే భయంతోనే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదంటుంది నోరా. కెవిన్ నమ్ముతున్నానంటాడు. ఎందుకు నమ్మను, నువ్విక్కడే ఉన్నావుగా అంటాడు. ఆ యంత్రం ఎలా పనిచేసింది, తిరిగి ఎవరు పంపారు, సాక్ష్యమేది అని ఒక్క మాట అడగడు. ఆమె ఎంతోమందిని కూర్చోబెట్టి ఫారం నింపింది. చివరికి ఆమె ఎదురుగా, చేతిలో ఫారం లేకుండా కూర్చున్నది అతనొక్కడే. ఇద్దరూ చేతులు పట్టుకుని ఏడుస్తుంటే బయట పావురాలు ఒక్కొక్కటిగా గూటికి వచ్చి వాలుతుంటాయి.

దేవుడు ఉన్నాడా లేడా అన్నదాన్ని ఈ సీరియల్ తేల్చలేదని కొందరికి కోపం. తేల్చాల్సింది అది కాదని నా నమ్మకం. మాట్ వెతికిన విశ్వాసం, తెల్లబట్టలవాళ్లు వద్దనుకున్న ప్రేమ, నోరా దాచుకున్న దుఃఖం, ఈ మూడూ ఆ టీ టేబుల్ దగ్గరకొచ్చి ఒకటయ్యాయి. మూడింటికీ వేర్వేరు పేర్లెందుకో నాకు ఆ సీను దగ్గర తోచదు.

అమ్మ అప్పుడప్పుడు పొద్దున్నే "నిన్న మీ నాన్న కల్లోకొచ్చారు" అంటుంది. మొదట్లో "నువ్వు ఆయన గురించే ఆలోచిస్తూ పడుకుంటావు కదమ్మా, అందుకే" అనేవాణ్ని. ఆమె సర్లే అని లేచి వెళ్లిపోయేది. మొన్న దసరాకి ఇంటికెళ్లినప్పుడు మళ్లీ అదే మాట అంది. కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఎలా ఉన్నారు?" అని అడిగాను.

అమ్మ కాసేపు ఆలోచించింది. "బాగానే ఉన్నారు. కొంచెం చిక్కారంతే" అంది.